సగం పంది

సెనేట్ హాల్లో నా కుర్చీ అందరికన్నా కిందది.
ముఖాలు పూర్తిగా కనబడవు.
గడ్డాలు కనబడతాయి, మైకులు, మంచినీళ్ల గ్లాసులు,
బల్లల కింద బూట్లు.
ఇరవై రెండేళ్లుగా
ఆ గడ్డాలు పలికింది పలికినట్టు రాస్తున్నాను.

అభిశంసనకి ఇవాళ పదిహేడో రోజు.
ప్రధాన న్యాయమూర్తి హొనొరాటో విల్యారుస్
ఆస్తుల పట్టికలో రాయని డాలర్ ఖాతాలు
ఎనిమిదా, పదకొండా అని ఒక గంట.
ఖాతా ఆస్తి అవుతుందా, ఆస్తికి సంచి మాత్రమేనా అని
ఇంకో గంటన్నర.

"అది పిల్లల సొమ్ము" అన్నాడు వకీలు.
"పిల్లలకి పేర్లున్నాయి కదా,
ఖాతాల మీద అవి లేవేం?" అన్నాడు సెనేటర్ లకన్లాలే.
నేను రాశాను: (నవ్వు).
నా లిపిలో నవ్వుకి ఒకటే గుర్తు.
ఎవరు నవ్వారో, ఎందుకో,
ఆ గుర్తులో పట్టదు.

సెనేటర్ ఆబ్లాన్ మాత్రం నవ్వలేదు.
"ఈయన్ని ఇవాళ దించండి.
రేపు తీర్పు నచ్చని ప్రతి అధ్యక్షుడూ
జడ్జీ ఇంటి బీరువా తాళాలు అడుగుతాడు" అంది.
నిజమే కదా అనిపించి నా చేయి ఆగింది.
జారిపోయిన మూడు మాటలు
సాయంత్రం టేపు విని పూరించాను.
నాకు అభిప్రాయం కలగడమంటే
ప్రభుత్వానికి మూడు మాటల నష్టం.

తర్వాత ఒక పాత తీర్పు చదివారు.
తొమ్మిదేళ్ల కిందట బటాంగస్ కోర్టులో
టెయోఫిలో మకాలింటల్ అనే బంట్రోతు
పట్టికలో తన ట్రైసికిల్ రాయలేదు.
మర్చిపోయానన్నాడు.
"మరపు సమర్థన కాదు" అని ఉద్యోగం తీసేశారు.
కింద సంతకం, హొనొరాటో విల్యారుస్.
ఈసారి ఎవరూ నవ్వలేదు.
మౌనానికి నా లిపిలో గుర్తే లేదు.

నేను ఆయన బూట్ల వైపు చూశాను.
ఎడమదానికి అడుగు మార్పించినట్టుంది,
కుట్టు కొత్తగా, తోలు పాతగా.
పదకొండు ఖాతాలున్న మనిషి
చెప్పులు కుట్టేవాడితో బేరమాడి ఉంటాడా?
రికార్డులో బూట్లకి చోటు లేదు కనక
ఇక్కడ చెబుతున్నాను.

జీప్నీలో ఇంటికొస్తుంటే
అందరూ జడ్జీలే.
చిల్లర చేతులు మారుస్తూనే తీర్పులు.
"తిన్నాడు."
"తినని వాడెవడు?"
"తినడం కాదు, మూతి తుడుచుకోకపోవడం తప్పు."
నేను గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాను.
సంచిలో నా పట్టిక ఉంది,
అదే ఫారం, అవే గడులు.
ఆయనకీ నాకూ ప్రభుత్వం ఇచ్చిన సమానత్వం అది.

అన్నం గిన్నె పక్కన పరిచాను.
కుట్టుమిషను, ఒకటి.
శ్మశానంలో జాగా, వాయిదాల మీద.
సహకార సంఘానికి బాకీ.
అక్కడ కలం ఆగింది.
వెనక వీధి సేపాతో కలిసి కొన్న పంది.
తిండి మాది, దొడ్డి ఆవిడది,
పంది చెరిసగం.
గుమ్మడికాయల దొంగ అంటే
భుజాలు తడుముకోవడం మాబోటివాళ్లకి
నియామక పత్రంతో పాటే ఇస్తారు.

"ముందు సగమా, వెనక సగమా?
ముందుదైతే అరుపు కూడా రాయాలి" అన్నాడు
మా ఆయన క్రిస్పులో, ఎండుచేప ముల్లు తీస్తూ.
నేను నవ్వలేదు. టెయోఫిలో ట్రైసికిల్‌కి
ఎన్ని చక్రాలో లెక్కపెడుతున్నాను.
రాశాను: పంది, ఒకటి, అందులో సగం,
నాలుగువేల ఐదువందల పెసోలు.
సంతకం చేశాను.

మర్నాడు ఓటింగు.
ఒక్కో గడ్డం లేచి కారణం చెప్పింది.
దోషి, దోషి, నిర్దోషి, దోషి.
ఆబ్లాన్ "దోషి" అంది,
అని, చాలాసేపు కూర్చోలేదు.
విల్యారుస్ బూట్లు తలుపు దాకా వెళ్లాయి.
కొత్త అడుగు కిర్రుమంది.

చీకటి పడ్డాక సేపా గోడ మీంచి కేకేసింది.
"నీకో సంగతి, మన పంది కడుపుతో ఉంది!"

ఫారం అప్పటికే ఇచ్చేశాను.
కొట్టివేతలు చెల్లవని
అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.